కొండచరియలు ఎంత దూరం వచ్చాయో కూడా రాయండి

సంపాదకుల గారికి నమస్కారం.

ఏటా వానాకాలం రాగానే మీ పత్రికలో కనిపించే ఒక వాక్యం గురించి రాస్తున్నాను. ‘కొండచరియలు విరిగిపడి ఇంతమంది మృతి’ అన్నది ఆ వాక్యం. మీ ఒక్కరే కాదు, తెలుగులో పత్రికలూ టీవీలూ అన్నీ ఇదే మాట వాడతాయి. 2021 డిసెంబరులో తిరుమల ఘాట్ రోడ్డు మీద బండలు పడ్డప్పుడు ఇదే మాట. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో ఇళ్ల మీద కొండ రాళ్లు పడ్డప్పుడూ ఇదే. దానికి నెల ముందు వయనాడులో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయినప్పుడూ ఇదే. మొదటి రెండూ నిజంగా విరిగిపడినవే. మూడోది మాత్రం విరిగింది కొండ నెత్తిన, జనం పోయింది అక్కడికి కిలోమీటర్ల దిగువన. ఈ తేడా మన మాటలో లేదు. లేకపోవడం వల్ల కొండకు దూరంగా ఉన్నాం కదా అని జనం ధీమాగా ఉండిపోతారని నా భయం. అందుకే ఇంత పొడుగు ఉత్తరం, మన్నించాలి.

నేను 31 ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పాను. పుట్టి పెరిగింది రాజమండ్రి, ఉద్యోగమంతా పాడేరు, చింతపల్లి వైపు ఆశ్రమ పాఠశాలల్లో. రిటైరయ్యాక 2023 డిసెంబరులో మేం అయిదుగురు టీచర్లం కలిసి వయనాడు వెళ్లాం. సూచిపార జలపాతం చూడ్డానికి మేప్పాడి మీదుగా పోతూ చూరల్‌మలలో టీ తాగడానికి ఆగాం. చిన్న బజారు, వంతెన, కింద పున్నపుళ ఏరు. ఆ రోజు ఏట్లో రాళ్ల మధ్య నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. ఒకావిడ బండ మీద బట్టలు ఉతుకుతోంది. వెల్లరిమల కొండ ఏదని అడిగితే టీ కొట్టతను గడ్డం ఎత్తి ఎటో చూపించాడు. ఆ దిక్కున నాకు కనబడింది మబ్బే. ‘కొండలకు ఎంత దూరంగా, ఏటి ఒడ్డున ఎంత హాయిగా ఉందో ఈ ఊరు’ అనుకున్నాను. వాలు తలం లెక్కలు వేలమంది పిల్లలకు చెప్పినదాన్ని, నేనే అలా అనుకున్నాను.

ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2024 జులై 30 తెల్లవారుజామున, ఆ కొండ ఆ ఊరికి వచ్చింది. 48 గంటల్లో 572 మిల్లీమీటర్ల వాన కురిసిందని కేరళ ప్రభుత్వం చెప్పింది. హైదరాబాద్ బాలానగర్‌లోని మన ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్క తేల్చారు. సముద్రమట్టానికి 1550 మీటర్ల ఎత్తున 86,000 చదరపు మీటర్ల నేల జారింది. ఆ మట్టీ రాళ్లూ చెట్లూ ఏటి వెంబడి దాదాపు 8 కిలోమీటర్లు పారాయి. అదే చోట అంతకుముందొకసారి జారిన గుర్తులు కూడా పాత చిత్రాల్లో ఉన్నాయన్నారు. పుంచిరిమట్టం, ముండక్కై, చూరల్‌మల ఒకదాని తర్వాత ఒకటి తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లు 250 మందికి పైగా. కొందరి శరీరాలు చలియార్ నదిలో పడి పక్క జిల్లాలో, నిలంబూరు వైపు తేలాయి. మేం టీ తాగిన చోటి వంతెన లేదు. టీవీలో అది చూస్తూ గడ్డం ఎత్తి కొండను చూపించిన ఆ మనిషి ఏమయ్యాడో అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

ఇక లెక్క. మా క్లాసులో చెప్పే లెక్కే. ఎత్తు నుంచి జారే వస్తువుకు ఉన్న స్థితిశక్తి అంతా ఘర్షణ తినేస్తే వస్తువు ఆగిపోతుంది. కాబట్టి దిగిన ఎత్తును ఘర్షణ గుణకంతో, అంటే రాపిడి ఎంత ఉందో చెప్పే అంకెతో, భాగిస్తే ముందుకు పోయే దూరం వస్తుంది. రాయికీ రాయికీ మధ్య ఘర్షణ గుణకం సుమారు 0.6. వెల్లరిమల నెత్తి నుంచి చూరల్‌మలకు దిగుడు ఆరేడు వందల మీటర్లు. భాగిస్తే కిలోమీటరు పైచిలుకు వస్తుంది. అంటే నేను చెప్పిన పాఠం ప్రకారం ఆ మట్టి చూరల్‌మల మొహం కూడా చూడకూడదు.

ఈ లెక్కలో ద్రవ్యరాశి రెండు వైపులా ఉండి కొట్టేసుకుపోతుంది. చింతపల్లి వైపు ఒక స్కూల్లో ఉన్నప్పుడు పదో తరగతి కుర్రాడొకడు, కొండ మీది పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివేవాడు, లేచి నిలబడి అడిగాడు: ‘మేడమ్, బరువు కొట్టేసుకుపోయిందంటే పిడికెడు మట్టి జారినా కొండంత మట్టి జారినా ఒకే వాలులో ఒకే దూరం పోవాలి కదా? మా కొండ దగ్గర అలా కాదు. చిన్నది జారితే అక్కడే ఉంటుంది, పెద్దది జారితే గెడ్డ (కొండవాగు) దాటి పోతుంది.’ వాడికి నేను చెప్పిన జవాబు, ‘లెక్క ప్రకారం ఒకటే, నువ్వు చూసినచోట వాలు వేరేగా ఉండుంటుంది’ అని. వాడు చూసిందే నిజం. నేను చెప్పింది తప్పు. ఆ సంగతి నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

వాడు అడిగిన ప్రశ్నే ఆల్బర్ట్ హైమ్ అనే స్విస్ భూగర్భ శాస్త్రవేత్త నూరేళ్లకు పైగా ముందు వేసుకున్నాడు. స్విట్జర్లాండ్‌లో ఎల్మ్ అనే ఊరి పైన పలక రాయి గని ఉండేది. గని తవ్వి తవ్వి 1881 సెప్టెంబరు 11న పై కొండంతా కూలింది. కోటి ఘనపు మీటర్ల రాయి. కింద పడి ఆగలేదు. దాదాపు చదునుగా ఉన్న లోయ అడుగున కిలోమీటరుకు పైగా పరుగెత్తి 115 మందిని పొట్టన పెట్టుకుంది. హైమ్ అక్కడికి వెళ్లి బతికినవాళ్లతో మాట్లాడి, కొలతలు తీసుకుని, రాళ్ల గుట్ట నీళ్లలా పారిందని రాశాడు. తర్వాత ఇలాంటివి ఎన్నో పోల్చి చూసి, జారిన ముద్ద ఎంత పెద్దదైతే దిగిన ఎత్తుతో పోలిస్తే అంత ఎక్కువ దూరం పోతుందని తేల్చాడు. అంటే బరువు కొట్టేసుకుపోదు.

ఎంత దూరం పోతుందో చెప్పడానికి పెరూ దేశపు హువాస్కరాన్ కొండ ఒక్కటి చాలు. 1970 మే 31న భూకంపానికి ఆ కొండ శిఖరం నుంచి రాయీ మంచూ ఊడిపడి, దాదాపు 4 కిలోమీటర్ల ఎత్తు దిగి, 16 కిలోమీటర్లు అడ్డంగా పారి, యుంగాయ్ పట్నాన్ని పాతేసింది. నాలుగుకు పదహారు, అంటే గుణకం 0.25. మన పాఠం లెక్కలో అది ఆరేడు కిలోమీటర్ల దగ్గరే ఆగాలి. పట్టిన సమయం మూడు నాలుగు నిమిషాలు. ఊరి స్మశానం ఒక చిన్న దిబ్బ మీద ఉండేది. ఆ దిబ్బ ఎక్కగలిగిన కొన్ని పదుల మంది బతికారు. ఈ స్మశానం దిబ్బ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

దూరం వెనక కారణాల్లో కొంత తేలికైనదే. ట్రాక్టరు తొట్టి ఎత్తి ఇసుక కుమ్మరిస్తే కుప్ప నడుమ ఉన్నచోటే ఉంటుంది, అంచు మాత్రం పాకిపోతుంది. పెద్ద కుప్పకు అంచు ఇంకా దూరం పాకుతుంది. మన లెక్క నడుమకే గానీ అంచుకు కాదు. కానీ పదహారు కిలోమీటర్లకు ఈ ఒక్క కారణం చాలదు. కింద చిక్కుకున్న గాలి మెత్తలా పనిచేసి మోసుకొచ్చిందేమోనని 1960లలో అన్నారు. చూస్తే గాలే లేని చంద్రుడి మీద, గాలి మహా పలచగా ఉండే అంగారకుడి మీద కూడా ఇలా దూరాలు పారిన రాళ్ల గుట్టలు కనిపించాయి. అందువల్ల గాలి మెత్త అన్నింటికీ జవాబు కాలేకపోయింది. రాళ్లు ఒకదానికొకటి కొట్టుకునే అదురుకే కుప్ప లోపలి ఒత్తిడి క్షణక్షణం ఎగుడుదిగుడవుతుందనీ, ఒత్తిడి తగ్గిన క్షణాల్లో రాళ్లు సులువుగా జారతాయనీ అమెరికా శాస్త్రవేత్త జే మెలోష్ 1979లో ప్రతిపాదించాడు. దాని మీద వాదం ఇంకా నడుస్తూనే ఉంది.

మన వానాకాలానికి కావలసిన కారణం మాత్రం నీరు. దీన్ని అర్థం చేసుకోవాలంటే వంటింట్లోకి వెళ్తే చాలు. గ్రానైట్ గట్టు తడిగా ఉన్నప్పుడు, అడుగున కాస్త గుంట ఉన్న స్టీలు గిన్నెను చారుతో సహా పొయ్యి మీంచి దించి గట్టు మీద పెట్టండి. ఒక్కోసారి ఎవరూ తోయకుండానే గిన్నె తనంతట తాను జరిగిపోతుంది. మా అమ్మ ‘దీనికి కాళ్లొచ్చాయే’ అంటూ ఎడం చేత్తో ఆపేది. జరిగేదేమిటంటే, గిన్నె అడుగు గుంటలో చిక్కిన గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. అంచు చుట్టూ తడి ఉండడంతో బయటికి పోలేక గిన్నెను పైకి నెడుతుంది. గిన్నె బరువులో చాలా భాగం ఆ గాలే మోస్తుంది. గట్టు మీద ఆనే బరువు కొంచెమే మిగులుతుంది. ఘర్షణ ఆ మిగిలిన కొంచెం బరువుకే గానీ మొత్తం బరువుకు కాదు. ఘర్షణ గుణకం మారలేదు, అభిలంబ బలం, అంటే గట్టును నొక్కే బలం, తగ్గింది. గట్టుకు లేశమాత్రం వాలు ఉంటే చాలు, గిన్నె బయలుదేరుతుంది.

కొండ మట్టిలో గాలి చేసే ఈ పని నీరు చేస్తుంది. రెండు రోజుల వానకు గింజ గింజ మధ్య సందులన్నీ నీటితో నిండుతాయి. వదులుగా ఉన్న ఆ మట్టి కదలగానే గింజలు దగ్గరికి సర్దుకోబోతాయి. మధ్యలో ఉన్న నీటికి తప్పుకునే దారీ వ్యవధీ ఉండవు. పై మట్టి బరువు గింజల మీంచి నీటి మీదికి మారిపోతుంది. గోదావరి ఇసుక తిన్నె అంచున నిలబడి తడి ఇసుకను పాదంతో టపటపా కొట్టినవాళ్లకు ఇది కొత్త కాదు. రెండు నిమిషాల కిందట గట్టిగా ఉన్న ఇసుక జావలా వణుకుతుంది, మడమ దిగబడుతుంది. కొట్టడం ఆపితే నీరు పైకి ఊరి ఇసుక మళ్లీ గట్టిపడుతుంది. ఇసుకలోంచి నీరు చిటికెలో పోతుంది. బంకమట్టిలోంచి పోవడానికి గంటలు, రోజులు పడుతుంది. మెత్తని మట్టి కలిసిన ముద్ద అన్ని కిలోమీటర్లు పోగలగడానికి ఇదొక కారణం. లోపలి ఒత్తిడి తగ్గేలోపు అది ఊళ్లు దాటేస్తుంది.

నీటి ఒత్తిడి పెరగడానికి వానే అక్కర్లేదు. ఇటలీలో వయోంట్ ఆనకట్ట వెనక 1963 అక్టోబరు 9 రాత్రి 27 కోట్ల ఘనపు మీటర్ల కొండ ఒక్క పలకలా జలాశయంలోకి జారింది. లేచిన అల ఆనకట్ట మీంచి దూకి దిగువ ఊళ్లలో సుమారు 2 వేల మందిని చంపింది. పలచని బంకమట్టి పొర మీద జారుతున్నప్పుడు పుట్టిన ఘర్షణ వేడికే ఆ పొరలోని నీటి ఒత్తిడి పెరిగి, జారుడు అంత వేగం అందుకుందన్నది శాస్త్రవేత్తలు చెప్పే ఒక వివరణ. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్ చమోలీలో రోంతీ శిఖరం నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయీ మంచూ పడ్డాయి. పడేటప్పటి రాపిడి వేడికి మంచు కరిగి నీరయింది, ఆ నీరే మిగతా రాళ్లను మోసుకుపోయింది. ఆ రోజు అక్కడ వాన లేదు. కొండకు దూరంగా, దిగువన తపోవన్ దగ్గర సొరంగంలో పనిచేస్తున్న కూలీలు బలయ్యారు.

నాకు అన్నింటికంటే గుబులు పుట్టించే సంగతి ఇంకొకటుంది. అమెరికాలో ఒరెగాన్ అడవిలో 95 మీటర్ల పొడవు, 31 డిగ్రీల వాలుతో సిమెంటు కాలువ కట్టి అందులోకి బురదా రాళ్లూ వదిలి కొలతలు తీసుకుంటారు. కాలువ అడుగున ముందే తడి మట్టి పరిచి వదిలినప్పుడు, పైనుంచి వచ్చే ముద్ద ఆ మట్టిని కూడా లేపుకుని, తగ్గాల్సింది పోయి ఇంకా జోరందుకుంది. వానకు నానిన గెడ్డ అడుగు అచ్చం అలాంటిదే. కొండ మీద జారింది కొంత, ఊరికి వచ్చేటప్పటికి దానికి ఎన్నో రెట్లు. పైగా ఇళ్లంతటి బండలు ముందు వరసలో ఉంటాయి. మిక్చర్ డబ్బా కుదిపితే నుసి అడుక్కి, పల్లీలు పైకి వస్తాయే, అలాగే బండలు పైకి తేలతాయి. పై పొర అడుగు పొర కంటే వేగంగా కదులుతుంది కాబట్టి పైకి తేలినవి మొనకు చేరతాయి. ఆ బురద నీటికి దాదాపు రెట్టింపు సాంద్రం. అందులో బండ తన బరువులో సగానికి పైగా కోల్పోతుంది. చూరల్‌మలలో బడి చుట్టూ పడి ఉన్న బండలను ఫొటోల్లో చూసి ‘ఇంత రాయిని నీళ్లెలా తెచ్చాయి’ అని నన్ను అడిగినవాళ్లు చాలామంది. తెచ్చింది నీళ్లు కాదు, ఆ చిక్కటి బురద.

ఇప్పుడు మన సంగతి. ఏజెన్సీలో ఊళ్లు ఎక్కడుంటాయి? గెడ్డ పక్కన, గెడ్డ లోయలోంచి మైదానానికి విచ్చుకునే చోట. నీరు దగ్గర, నేల చదును, మట్టి మంచిది. ఆ చదును ఎవరు పరిచారన్నదే ప్రశ్న. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలోని ధరాలీని ఖీర్ గంగ ఏరు కప్పేసిన వీడియో మీ పాఠకులంతా చూసే ఉంటారు. ఎదుటి ఒడ్డున తీస్తున్నవాళ్లు గొంతు చించుకుని అరుస్తుంటే కింద జనం పరుగెత్తడం నాకు ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఆ బజారు ఉన్నదే ఆ ఏరు వెనకటి సార్లు తెచ్చి విసనకర్రలా పరిచిన రాళ్లూ మట్టీ మీద. మన తెలుగు యాత్రికుల బస్సులు ఏటా ఆ దారినే పోతాయి.

అలా వచ్చేదానికి ముందు పరుగెత్తి మనిషి గెలవలేడు. ఏటి దారినే దిగువకు పరుగెత్తడం అంటే అది వెళ్లే దారిలోనే పోవడం. చేయాల్సింది ప్రవాహానికి అడ్డంగా, పక్క గట్టు మీదికి ఎక్కడం. యుంగాయ్‌లో స్మశానం దిబ్బ చేసిన మేలు అదే. జోరు వానలో గెడ్డ నీరు ఉన్నట్టుండి తగ్గిపోయినా, ఎర్రగా చిక్కబడినా, పైన రాళ్లు దొర్లుతున్న మోత వినబడినా ఆగి చూడకూడదు. నీరు తగ్గిందంటే ముప్పు తప్పిందని కాదు, పైన ఎక్కడో చెట్లూ మట్టీ అడ్డుపడి వెనక నీరు కూడుతోందేమో. ఒకసారి వచ్చి వెళ్లాక వస్తువుల కోసం వెనక్కి దిగకూడదు. వయనాడులో ఆ రాత్రి ఒక్కసారితో అయిపోలేదు.

ఈ విషయాలన్నీ ‘విరిగిపడటం’ అన్న మాటలో ఎలా పడతాయి? ఆ మాట వింటే మన కళ్ల ముందు ఘాట్ రోడ్డు, పక్కన కొండ, మీద పడే బండ కనిపిస్తాయి. కొండ కనబడనంత దూరంలో ఉన్న బజారు కనిపించదు. మలయాళీలకు ‘ఉరుళ్‌పొట్టల్’ అని దీనికి వేరే మాట ఉంది. మనకు లేకపోతే పెట్టుకుందాం. కోస్తా వాళ్లకు 1977 దివిసీమ తర్వాత ఉప్పెన అంటే వివరించి చెప్పక్కర్లేదు. ఊరి మీదికి వచ్చేదని, గట్టెక్కాలని పసిపిల్లలకు కూడా తెలుసు. దీన్ని ‘రాళ్ల ఉప్పెన’ అంటే సరిపోతుందని నా మనవి. మీకు ఇంకా మంచి మాట తడితే అదే వాడండి.

ఇంకొక మనవి కూడా ఉంది. ఎన్‌ఆర్‌ఎస్‌సీ 2023లో మన దేశపు కొండచరియల అట్లాస్ తెచ్చింది, ఏదైనా జరిగినప్పుడు రోజుల్లోనే పటాలు ఇస్తోంది. మృతుల సంఖ్య, నాయకుల పరామర్శ వేసే చోటే ఆ పటం కూడా చిన్నదైనా వేయండి. కింద రెండంకెలు వేయండి: ఎంత ఎత్తు నుంచి జారింది, ఎంత దూరం వచ్చింది. ఏజెన్సీ బళ్లలో పేపరు ఒక రోజు ఆలస్యంగానైనా వస్తుంది, పిల్లలు ప్రార్థనలో చదువుతారు. మొదటి అంకెను రెండో దానితో భాగించి గుణకం రాబట్టి, తమ ఊరి పైన కొండ ఎంత ఎత్తుందో చూసుకుని, ఆ ఎత్తును గుణకంతో భాగించి, గెడ్డ వెంబడి అది ఎందాకా రాగలదో వాళ్లే తేల్చుకుంటారు. ఆ రోజు నన్ను ప్రశ్న అడిగిన కుర్రాడు ఇప్పుడు అదే మండలంలో లెక్కల మాస్టారు. నిరుడు ఫోన్‌లో నా తప్పు ఒప్పుకుని, సరైన జవాబు చెప్పాను. ‘మరి మా ఊరికి ఎంత దూరం వస్తుంది మేడమ్?’ అన్నాడు. ఇద్దరం కూర్చుని వేయాల్సిన లెక్క అది. ఈ వానలు మొదలయ్యేలోపు వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయిని,
రాజమహేంద్రవరం